నందిగామకు బస్సులో వచ్చిన అమెరికా కరెంటు

ఆ రోజుల్లో ఎవరింటికి కొత్త మిషను వచ్చినా సగం వీధి దాన్ని చూడ్డానికి వచ్చేది, మిగతా సగం అదెప్పుడు కాలిపోతుందో చూడ్డానికి వచ్చేది. ఇప్పుడు నేను చెప్పబోయేది రెండు ఖండాల విద్యుత్తు ముఖాముఖి తలపడిన మహేతిహాసం. ఇందులో మెరుపులు, పొగ, ఆర్తనాదాలు అన్నీ ఉంటాయి. అని మొదలుపెడదామనుకున్నాను కానీ, పొగ అగరొత్తులది, ఆర్తనాదం మా పెదనాన్నది, మెరుపులు అసలు లేవు. ఖండాల్లో ఒకటి అమెరికానే. రెండోది నందిగామ బస్టాండు వెనక వీధి.

మా పెదనాన్న కూతురు, అంటే మా అక్క, బావ ఉద్యోగం పుణ్యమాని అమెరికాలో కొన్నాళ్ళుండి, తిరిగొస్తూ అందరిలా చాక్లెట్లు తేకుండా, చీరల్లో చుట్టి ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ తెచ్చింది. దాంతో పెళ్ళికార్డులు డిజైన్ చేసే షాపు పెడతానంది. గది అత్తగారిది. ఆవిడకేమో దాన్ని పురుగుమందుల కొట్టుకు అద్దెకివ్వాలని ఉంది. "ముహూర్తానికి అది వెలిగిందా, గది నీదమ్మా. వెలగలేదా, శకునం బాలేనట్టే. పురుగుమందులాయన్ని రమ్మంటా" అని ఆవిడ తేల్చేశారు. వెలిగించే భారం జగ్గయ్యపేటలో కంప్యూటర్ కోర్సు సగం నేర్చుకున్న నా మీద పడింది. (మిగతా సగం ఇన్‌స్టిట్యూట్‌లో కరెంటు లేనప్పుడు చెప్పారు.)

ముహూర్తం రోజు పొద్దున్నే వెళ్ళి సీపీయూ వెనక్కి తిప్పి చూస్తే, పవర్ వైరు గుచ్చే చోటు పక్కన చిన్న ఎర్ర స్విచ్ కనిపించింది. ఒక పక్కకి జరిపితే 115, ఇంకో పక్కకి జరిపితే 230. అమెరికా ఇళ్ళలో వోల్టేజీ మనదాంట్లో సగమే కాబట్టి అది 115 మీదే ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో 230కి జరిపి, గొంతు సవరించుకుని, "అక్కా, వోల్టేజీ మార్చేశా!" అని ప్రకటించాను.

"మార్చావు సరే, కొబ్బరికాయ తెచ్చావా?" అంది అక్క.

తేలేదు. వెళ్ళాను.

నేను బజార్లో కాయలు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్న సమయంలో పెదనాన్న విజయవాడ బస్సు దిగాడు. పొలంలో బోరు మోటార్లు మాటిమాటికీ కాలిపోయి, స్టార్టర్ బాక్సు పక్కనే సగం జీవితం గడిపాడు కాబట్టి ఆయన్ని మేమంతా స్టార్టర్ పెదనాన్న అంటాం. అమెరికా మిషనుకి మన కరెంటు పెడితే మాడిపోద్దని ఎవరో చెప్పగానే విజయవాడ వెళ్ళి, మన కరెంటుని సగానికి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొని, ఆ ఇనప పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. కంచికచర్ల దగ్గర కండక్టరు "ఏంటి బాబాయ్ అది?" అని అడిగితే "అమెరికా కరెంటయ్యా" అన్నాడట. సీపీయూ, మానిటర్ల బల్లపరుపు పిన్నుల ప్లగ్గులు రెండూ ఆ పెట్టెకి చక్కగా పట్టాయి. అత్తగారు అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. సీపీయూకి ముందు పెడితే అందం పోతుందని అక్క గొణిగితే, సరేనని వెనక పెట్టారు. అంత వెనక భాగం ఉండగా, సరిగ్గా ఎర్ర స్విచ్ మీద.

నేను కాయతో వచ్చేసరికి బల్ల కింద బొట్టు పెట్టిన పెట్టె కనిపించింది. మా వైపు ఫ్రిజ్జు పక్కన, టీవీ పక్కన స్టెబిలైజర్ లేని ఇల్లుండదు. ఇదీ అదేననుకుని పట్టించుకోలేదు. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు, అక్క బటన్ నొక్కింది. మానిటర్ లైటు వెలిగింది. సీపీయూలో ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. ఈసారి ఉలిక్కిపడనూ లేదు.

"టీవీ వెలుగుతుందిగా. కరెంటులో తేడా లేదు, డబ్బానే పోయింది" అన్నాడు పెదనాన్న.

అత్తగారు ఫోను తీశారు. "ఎవరికత్తయ్యా?" అంది అక్క.

"ఎవరికీ కాదమ్మా, టైము చూస్తున్నా" అన్నారావిడ, పురుగుమందులాయన నంబరు వెతుకుతూ.

అక్క కళ్ళు తుడుచుకుంది. (అగరొత్తుల పొగంది. ఉండొచ్చు.) ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "స్టెబిలైజర్ కొత్తదా పెదనాన్నా?" అన్నాను.

"స్టెబిలైజర్ ఏందిరా! అమెరికా కరెంటు అది. నూట పది!"

అప్పుడర్థమైంది. నేను అమెరికా మిషన్ని నందిగామకు అలవాటు చేశాను. ఆయన నందిగామ కరెంటుని అమెరికా చేశాడు. ఇద్దరి జాగ్రత్తలూ కలిసి దాన్ని పస్తు పెడుతున్నాయి.

"ఇది తీసేసి గోడకే పెట్టాలి" అన్నాను.

"కాలిపోద్దిరా! ఒళ్ళో పెట్టుకు తెచ్చా దాన్ని!" అని కేకేశాడు పెదనాన్న. (అసలు బాధ రెండో ముక్కలో ఉంది.)

స్విచ్ 230 మీదే ఉందని చూపిద్దామంటే పసుపు తప్ప ఏమీ కనిపించలేదు. రాసేటప్పుడు అత్తగారి బొటనవేలు దాన్ని వెనక్కి నెట్టి ఉంటే మాత్రం పెదనాన్న చెప్పిందే జరుగుతుంది. "తుడిచి చూడాలి" అన్నాను.

"ముహూర్తం వేళ బొట్టు తుడుస్తార్రా ఎవరన్నా?" అన్నారు అత్తగారు.

అక్క ప్లగ్గు పీకి, కొంగుతో గట్టిగా తుడిచేసింది. "మళ్ళీ పెట్టుకుందాం లెండత్తయ్యా. ఈసారి ముందు వైపే పెడదాం."

230.

అమెరికా ప్లగ్గు మన గోడకి పట్టదు. ప్రింటర్ ఇక్కడ కొన్నది. దాని వైరు పీకి సీపీయూకి పెట్టి, గోడకి గుచ్చాను. అందరూ అడుగు వెనక్కేశారు. పెదనాన్న ఏకంగా గుమ్మం దాటాడు, పెట్టెతో సహా. అక్క నొక్కింది. కుయ్‌మని ఒక కూత, తర్వాత ఫ్యాను హోరు. మానిటర్‌కి ఇంకా వైరు లేదు కానీ, సీపీయూ ముందు లైటు వెలిగింది.

అత్తగారు ఫోను లోపల పెట్టేసి "నా బొట్టు బలం" అన్నారు. "ముందు కాస్త నూట పది పట్టించాం కాబట్టి తట్టుకుంది" అన్నాడు గుమ్మం అవతల్నుంచి పెదనాన్న. నా పేరు ఎవరూ ఎత్తలేదు. కొబ్బరి ముక్కలు పంచమన్నారు, పంచాను.

షాపు ఇప్పటికీ ఉంది. ఆ సీపీయూ పోయి చాలా కాలమైంది కానీ, అమెరికా కరెంటు మాత్రం గాలికి తలుపు మూసుకుపోకుండా అడ్డంగా కూర్చుంది. అటు వెళ్ళినప్పుడల్లా దానికి కాలు తగిలి, స్క్రూడ్రైవర్ పట్టుకుని రెండు ఖండాల్ని కలిపానని పొంగిపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, వాడికి కొంచెం చప్పట్లు కొట్టి ఉండాల్సింది అనిపిస్తుంది. చేసిందల్లా ఒక స్విచ్ జరపడమే అనుకోండి. ఇప్పుడొచ్చే వాటిలో చాలావాటికి ఆ స్విచ్ ఉండదు. ఉంటే, ప్లగ్గు పెట్టకముందే 230 వైపు జరపాలి.