అత్తయ్యను చేర్చుకున్న వార్డు

మా కడియం వైపు గుండెలో నొప్పి వచ్చినా గ్యాసే, నడుము పట్టేసినా గ్యాసే. అందుకే రాజమండ్రి ఆసుపత్రి క్యాజువాల్టీలో డాక్టరు గారు "ఏంటమ్మా బాధ?" అని అడిగితే, కడుపు కుండలా ఉబ్బి వాంతులు చేసుకుంటున్న మా అత్తయ్య "గ్యాసండి" అంది. ఆయన మెడికల్ వార్డులో చేర్చమన్నారు.

అక్కడ సెలైన్ పెట్టారు, ఇంజెక్షన్లు చేశారు. అందరూ మంచివాళ్ళే, కాదంటే కళ్ళు పోతాయి. కానీ ఉబ్బరం తగ్గలేదు, విరేచనం కాలేదు. పేగు ఎక్కడో మూసుకుపోయినట్టుంది, సర్జరీ వాళ్ళు చూడాలి అన్నారు మర్నాడు. కింది అంతస్తులో ఉన్న సర్జరీ వార్డుకు నేనే వెళ్ళాను.

"పేషెంటు మెడికల్ వాళ్ళదండి. మా సార్ ఆపరేషన్‌లో ఉన్నారు, అయ్యాక వస్తారు" అన్నారు. పైకి వస్తే "కబురు పెట్టామండి, వస్తారు" అన్నారు. ఆ మెట్లు ఎక్కీ దిగీ నాకు కోపం రావడం కూడా మానేసింది. మనిషి దక్కదేమో అన్న భయం మాత్రం పోలేదు.

సర్జన్ గారు ఆ మర్నాడు వచ్చారు. బొడ్డు కింద పాత కుట్ల మచ్చ చూసి "ఇదేంటమ్మా?" అన్నారు. అత్తయ్య మొహం తిప్పుకుంది. గర్భసంచి తీయించుకున్న సంగతి మగవాళ్ళ ముందు ఆమె నోట రాదు. నేనే చెప్పాను. అప్పటిదాకా ఎవరూ అడగలేదు, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకూ తెలియదు.

"పాత కుట్ల దగ్గర పేగు అతుక్కుపోయి మెలిపడిందండి. మొదటే మా వార్డులో చేరుంటే కోత లేకుండా, ముక్కులో గొట్టం వేసి కడుపు ఖాళీ చేస్తేనే సరిపోయేదేమో" అన్నారు.

ఆపరేషన్ చేసి, నల్లబడిన పేగు కోసేసి, మలం పోవడానికి కడుపు మీద సంచి తగిలించారు. బతికింది. దేవునికి స్తోత్రం అన్నారు మా సంఘం వాళ్ళు, నేనూ అన్నాను. కానీ సర్జన్ గారి 'ఏమో' నన్ను వదలదు. పోట్లాడదామంటే ఎవరితో? అందరూ ఎవరి పని వాళ్ళు చేశారు. చాలా అలిసిపోయాను.

చర్చిలో ముందు కూర్చుని పాట ఎత్తుకునే అత్తయ్య ఇప్పుడు గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంటోంది. మొన్న ఆదివారం నేనూ వెళ్ళి ఆమెను ఆనుకుని కూర్చున్నాను.

"దూరం జరుగమ్మా, వాసనొస్తుందేమో" అంది.

"ఏం రావట్లేదండి అత్తయ్యా" అన్నాను.

వస్తోంది.