ఫోన్లో ఇంకో ఎస్టీఓ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను గురజాల సబ్ ట్రెజరీకి ఎస్టీఓగా, అంటే ఉప ఖజానా అధికారిగా, బదిలీ చేశారు. అక్కడ చేరేనాటికి లైఫ్ సర్టిఫికెట్ల హడావిడి నడుస్తోంది. తాము బతికే ఉన్నామని పెన్షనర్లు ఏటా ఇచ్చే పత్రమది. ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. మోసగాళ్లు ఆ భయాన్నే పట్టుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మస్తాన్‌బీ గారు ఫోను చెవికి ఆనించుకునే నా గదిలోకి వచ్చారు. పల్లెల్లో టీకాలు వేస్తూ ఏఎన్‌ఎంగా రిటైరైన మనిషి. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంది సారూ! మీరేమో ఈడ కూర్చోనున్నారు. మరి ఫోన్లో మాట్లాడేదెవురు?"

అవతలివాడు తానే గురజాల ఎస్టీఓనన్నాడట. పది నిమిషాల్లో ఓటీపీ చెప్పకపోతే పెన్షన్ ఆగుతుందన్నాడట. ఆ ఫోను వచ్చినప్పుడు ఆవిడ బజారులో ఉన్నారు, కళ్లజోడు తెచ్చుకోలేదు. మెసేజీలోని అంకెలు కనబడక, ఆఫీసు దగ్గరే కదా, సారుకే చూపిద్దామని వచ్చేశారు.

నేను ఫోను తీసుకుని, "ఇక్కడి ఎస్టీఓని నేను. తమరెవరు?" అన్నాను. లైను తెగిపోయింది.

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "పొద్దున వాడు పంపిన లింకులో కార్డు నంబరు, పిన్ను అన్నీ కొట్టాను సారూ. చానా తప్పు చేశాను."

ఓటీపీ చెప్పలేదు కనుక ఇంకా చేయి దాటలేదన్నాను. కార్డు వెనకున్న నంబరుకు ఫోను చేయించి ముందు కార్డు ఆపించాను. తర్వాత సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఖాతాలోంచి ఏమీ పోలేదని బ్యాంకువారు చెప్పాక ఆవిడ మంచినీళ్లు అడిగారు.

ఆఫీసులో అప్పటికే ఉన్న హెచ్చరికలకు తోడు గుమాస్తాతో ఇంకో నోటీసు రాయించబోతే ఆవిడ ఒప్పుకోలేదు. "గోడమీద కాయితం ఎవురు చదువుతారు సారూ? నేనే చెప్తా."

వరండాలో వరుసలో ఉన్న పెన్షనర్ల ముందు నిలబడి, జరిగింది దాచకుండా చెప్పారు. "నర్సు ఉద్యోగం చేసినదాన్ని, నేనే పడ్డా. ట్రెజరీవాళ్లు ఓటీపీ అడగరంట. ఎవురన్నా అడిగితే ఫోను పెట్టేసి ఈడికి రండి."

కొంతసేపటికి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. పది రోజుల క్రితం తానూ అలాగే మోసపోయానని, ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదని అన్నారు. ఆ రోజే ఫిర్యాదు చేయించాను. ఆలస్యమైనా, పోయినదాంట్లో కొంత కొన్ని నెలలకు తిరిగి వచ్చింది.

ఆ తర్వాత మా హెచ్చరికల్లో "మోసపోకండి" అన్న మాట తీసేయించి, "మోసపోతే వెంటనే వచ్చి చెప్పండి" అని రాయించాను. మొదటిది చదివి ఎవరూ రాలేదు. రెండోది చదివి వచ్చారు.