అద్దం గదిలో అత్త

మరమగ్గాల షెడ్డులో ఎవరూ గొంతుతో మాట్లాడరు. మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా మాట చేరదు. అందుకని అక్కడివాళ్లు గొంతు కలపకుండా పెదవులు మాత్రం సాగదీసి ఆడిస్తారు. మిగతాది కళ్లు చూసుకుంటాయి. మా మేనత్త పెళ్లికి ముందే ఆ షెడ్డులో చేరింది. నేత కన్నా ముందు ఆ మాట నేర్చుకుంది.

చిన్నప్పుడు ఆమెతో బస్సు కోసం నిలబడటమంటే నాకు సినిమాకి వెళ్లినట్టే. రోడ్డుకి అవతల నిలబడ్డ జంటని చూసి, "పుట్టింటికి వెళ్లొద్దని బతిమాలుతున్నాడు పాపం. ఆవిడ ఆగేలా లేదు" అనేది. బస్సు వచ్చేది, ఆవిడ ఎక్కేది, ఆయన ఒక్కడూ మిగిలిపోయేవాడు. నేను నోరు తెరుచుకుని అత్త ముఖంలోకి చూసేదాన్ని.

పోయినేడాది అత్త పని మానేసి ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టింది. మావయ్య టైలరు. ముందుగదిలోనే ఆయన మిషను. కొన్నాళ్లకి అత్త నన్ను వంటింట్లో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేసింది.

"మీ మావయ్య నాతో మాటలు మానేశాడే. ఇదివరకు షెడ్డు నుంచి రావడం, వండటం, పడుకోవడం, అంతే. తెలియలేదు. ఇప్పుడు పొద్దస్తమానం చూస్తున్నాగా. తల వంచుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూర్చుంటాడు. నాతో మాట్లాడాల్సి వస్తుందని కాకపోతే అన్ని సూదులెందుకు?"

మావయ్యని కదిపితే ఆయన బాధ ఆయనది. మీ అత్తని పిలవడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే, నా మీద ఏం కోపమో వెనక్కి తిరిగి చూడదు అన్నాడు.

నాకు అనుమానం చెవుల మీదే. అత్తతో కలిసి నేసిన ఒకావిడ ఇప్పుడు యూనియన్ ఆఫీసులో ఉంది. పనిలో పోయిన వినికిడి కూడా పనిలో తగిలిన గాయమేననీ, పరీక్షకీ, వినికిడి మిషన్లకీ, తర్వాత వాటి బ్యాటరీలకీ నష్టపరిహారం కిందే ఇస్తారనీ ఆవిడ చెప్పింది. అత్త నవ్వేసింది. వేలు తెగితే గాయం గానీ, చెవులు రెండూ ఉన్నచోటే ఉన్నాయిగా అంది. అయినా ఒప్పుకుంది. సొంతంగా కొనుక్కునే స్తోమత వాళ్లకి లేదు.

"ఆ మిషన్లు వస్తే తేలిపోతుంది, తప్పు నా చెవులదో ఆయన నోటిదో" అంది.

ఆస్పత్రిలో ఆమెని ఒక అద్దం గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు. అద్దానికి ఇవతల ఒక పడుచుపిల్ల యంత్రం ముందు కూర్చుంది. శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తాలని చెప్పింది. అత్త ఒక్కటీ వదల్లేదు. ఎంత సన్నటి శబ్దానికైనా ఠక్కున చెయ్యి లేచింది. ఆమె వయసువాళ్లలో ఇలాంటి చెవులు చూడలేదని మెచ్చుకుని, లోపం లేదని రాసిచ్చారు. లోపం లేకపోతే నష్టపరిహారమూ లేదు.

దారిలో అత్త ముందు నడిచింది. "అయితే తప్పు ఆయనదే" అని మాత్రం అంది. సరిగ్గా అప్పుడు వెనక నుంచి లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. నేను ఉలిక్కిపడ్డాను. అత్త నడక మారలేదు. రెక్క పట్టుకుని పక్కకి లాగి, ఇటు తిప్పుకుని, ఆ గదిలో శబ్దాలన్నీ ఎలా విన్నావని అడిగాను.

"ఎలా ఏంటి? ఆ పిల్ల వేలు మీట మీద పడిందా, నేను చెయ్యెత్తాను."

ఆమె మోసం చేయలేదు. షెడ్డులో వినడమంటే అదే. అవతలి వరసలో చెయ్యి లేస్తే ఇవతల మగ్గం ఆగుతుంది. తనకి వినడమంటే ఎప్పుడు చూడటమైపోయిందో ఆమెకే తెలియదు.

నేను ఈ సంగతి చెబితే యూనియన్ ఆవిడ పట్టుబట్టి మళ్లీ పరీక్ష పెట్టించింది. ఈసారి ఆ పిల్ల కుర్చీని గోడ వైపు తిప్పింది. నేను అద్దానికి ఇవతల నిలబడి చూశాను. ఆ పిల్ల మీట నొక్కింది. శబ్దం పెంచి నొక్కింది. ఇంకా పెంచింది. అత్త చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఎవరి కోసమో తీరిగ్గా ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. చిట్టచివరికి ఒక వేలు కొద్దిగా లేచి, నమ్మకం లేక మళ్లీ దిగిపోయింది.

ఆ పిల్ల లోపలికి వెళ్లి కుర్చీని ఇటు తిప్పి, తలుపు మూసి వచ్చింది. అద్దం ముందు నిలబడి గొంతు కలపకుండా ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. పక్కనే ఉన్న నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్త మాటలు లోపలి మైకు ద్వారా ఇవతలికి వినిపించాయి.

"నీ తప్పేం లేదమ్మా, ఇద్దరం కలిసే చేశాం. రాత్రంతా నిద్ర పట్టలేదంటున్నావు, పొద్దున్న ఏమీ తినలేదంటున్నావు. ముందు వెళ్లి ఏదైనా తిను."

చిన్నప్పుడు రోడ్డు మీద నేను అత్తని చూసిన చూపే ఆ పిల్ల ముఖంలో కనిపించింది. తర్వాత కూర్చుని, ఈ మనిషి చెవుల పని కళ్లు చేస్తున్నాయని, ఇది మగ్గాల మోతలో ఏళ్లు గడిపితేనే వచ్చేదని వివరంగా రాసింది.

మిషన్లు మంజూరయ్యాయి. తగిలించిన రోజు ఇంటికి నడిచి వస్తూ అత్త తన చెప్పుల చప్పుడుకి రెండుసార్లు ఆగి కిందికి చూసుకుంది. గుమ్మంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మావయ్య మాకు వీపు పెట్టి మిషను ముందు కూర్చుని ఉన్నాడు. నోట్లో సూదులు. మూసిన పెదవుల వెనక నుంచి కూనిరాగం వస్తోంది. అది పెదవుల మీద కనపడేది కాదు. అత్త అలా వింటూ వెళ్లి ఆయన వెనకాల నిలబడింది.

"ఎన్నాళ్లనించి పాడుతున్నావు?"

ఆయన తిరిగి చూశాడు. సూదుల సందులోంచే అన్నాడు. "ఎప్పుడూ పాడతానుగా. నువ్వే ఒక్కనాడూ బాగుందనలేదు."

అత్త ఆయన గడ్డం కింద అరచెయ్యి పట్టింది.

"సూదులు ఇందులో వెయ్యి. మాటలతో పాడు."