స్పీకరు లేని పాట

ఒకప్పుడు రేడియో స్టేషన్లో వాడిన పాత రికార్డు ప్లేయరుని మా ఆయన బాగుచేస్తున్నాడు. నిన్న కొత్త రబ్బరు చక్రం వేసి, తిరిగే రికార్డు మీద సూది పెట్టాడు. సన్నగా పాట వినిపించింది.

“స్పీకరు తగిలించనేదు కదా బావా, ఏటిది?”

“సూదే పాడతాది. సెవి పెట్టి సూడు, పిరికిదానా!”

పెట్టలేకపోయాను.

మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, చెమ్మవాసన కొట్టే ఆ నల్ల రికార్డులు? వజ్రపుకొత్తూరులో మా తాతకి అవే ప్రాణం. ఆయన పోయిన పదో రోజున అందరూ సముద్ర స్నానాలకి వెళ్తే, ఇంట్లో ఒక్కదాన్నే ఉండి, తాళం వేసిన ఆయన గదిలోంచి ఇలాగే సన్నగా పాట విన్నాను.

“మీ తాత ప్లేయరుకి స్పీకరు ఎప్పుడో పోనాది. కీసురాయయ్యుంటాదే,” అంది తిరిగొచ్చిన నానమ్మ, రొంటినున్న తాళంచెవి తడుముకుంటూ. ఇన్నేళ్లూ అదే నమ్మాను.

పాటకి స్పీకరు అక్కర్లేదని నిన్న తెలిసింది. కానీ సూది పెట్టడానికి ఒక చెయ్యి కావాలి కదా.