నుదుటి మీద చెయ్యి

దుబాయ్ అల్ కుసైస్‌లో మా కంపెనీ కార్మికుల క్యాంపుకి నేను ఇన్‌చార్జిని. తెల్లారకముందే జెబెల్ అలీ సైటుకి బస్సులు బయల్దేరేవి. ఒంట్లో బాగాలేదనే వాళ్ళు బస్సుల పక్కన వరసగా నిలబడేవాళ్ళు. నేను ఒక్కొక్కరి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. వేడిగా ఉంటే క్లినిక్కి వెళ్ళే వ్యాను, లేకపోతే బస్సు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలీదు. నాకు ముందున్నాయన అలాగే చేసేవాడట, నేనూ అలాగే చేశాను. కొందరు వేడి టీ గ్లాసు నుదుటికి ఆనించుకుని వచ్చేవాళ్ళు. అలాంటివాళ్ళని పట్టుకోవడంలో నాకు పేరుండేది. మా ముదీర్, అంటే మేనేజరు, నలుగురిలో నన్ను డాక్టర్ సాబ్ అనేవాడు. వెటకారమని తెలిసినా ఆ పిలుపు నాకు నచ్చేది.

2005 ఎండాకాలంలో ఒకరోజు కరీంనగర్ వైపు మనిషొకడు వరసలోకి వచ్చాడు. సైట్లో ఇనప ఊచలు కట్టే పని అతనిది, నాకంటే కాస్త పెద్దవాడు. గుండెల బరువుగున్నది సార్ అన్నాడు. నుదురు ముట్టుకున్నాను. చల్లగా ఉంది, తడిగా ఉంది. కుళాయి దగ్గర్నుంచి వస్తున్నాడనుకున్నాను.

"జ్వరం నాటకానికి నీళ్ళు చల్లుకొస్తారా ఎవరన్నా? యల్లా, బస్సెక్కు" అన్నాను. అదే మాట అందరికీ అర్థమయ్యేలా హిందీలో కూడా అన్నాను. వరసంతా నవ్వింది. అతనూ నవ్వబోయి, బస్సెక్కాడు.

ఆ రాత్రి అన్నం తింటూ మా ఆవిడకి చెప్పి నవ్వించాను. మర్నాడు అతను వరసలో నిలబడలేదు. నేరుగా వెళ్ళి బస్సులో కూర్చున్నాడు. మధ్యాహ్నానికి సైట్లో పడిపోయాడు.

కంపెనీ కాగితాలతో నన్ను ఆసుపత్రికి పంపారు. గుండెపోటన్నారు. అక్కడొక మగ నర్సు ఉన్నాడు, ఏ దేశమో తెలీదు. ఇంగ్లీషులో అడుగుతుంటే నేను తెలుగులో చెప్పాలి. అతను ముందు చెయ్యి వెయ్యలేదు, ముందు అడిగాడు. ఎక్కడ బరువుగా ఉంది, చేతిలోకి లాగుతోందా, రాత్రి పడుకోగలిగావా, చెమటలు పట్టాయా. ప్రతిదానికీ జవాబు వచ్చేదాకా ఆగాడు. రోజూ కనపడే మనిషి గురించి అవన్నీ నేను మొదటిసారి వింటున్నాను. ఆఖర్న, ముందు ఎవరికైనా చెప్పావా అని అడగమన్నాడు. అడిగాను.

"సార్‌కు చెప్పిన" అన్నాడు మంచం మీది మనిషి, నన్నే చూస్తూ.

నర్సు నా వైపు తిరిగాడు. ఎవరికీ చెప్పలేదట అన్నాను.

మనిషి బతికాడు గానీ బరువు పని చెయ్యడానికి పనికిరాడన్నారు. అతని వీసా రద్దు కాగితాలు తయారుచేసింది నేనే. ఎయిర్‌పోర్టుకి పోయే వ్యాను దగ్గర నాకు దండం పెట్టాడు. నేను ఫోనొచ్చినట్టు పక్కకి తిరిగాను.

ఆ నర్సు అడిగిన తీరు మాత్రం నన్ను వదల్లేదు. తర్వాత క్యాంపులో ఎవరికి బాగాలేకపోయినా నేనే ఆసుపత్రికి వెంటవెళ్ళి, అవసరం లేకపోయినా అక్కడే కూర్చునేవాణ్ణి. వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసినవాళ్ళని తీసుకుని నర్సులుగా తయారుచేసే పై కోర్సు విదేశంలో ఒక కాలేజీలో ఉందని అక్కడే తెలిసింది. నాది బీకామ్. ముప్పై నాలుగేళ్ళు. శరీర నిర్మాణం పాఠాలు పోస్టులో తెప్పించుకుని చదివి పరీక్షలు రాశాను. ఆఫీసులో పక్క సీటాయన, రేపు సూది పట్టుకుని మమ్మల్ని బోర్లా పడుకోమంటావన్నమాట అని నవ్వాడు. మా ఆవిడైతే, నాకు జ్వరమొస్తే థర్మామీటర్ ఎక్కడుందని నన్నే అడుగుతారు కదండీ అంది. అని, చదువుకోమని హాల్లో టీవీ కట్టేసేది.

దరఖాస్తుతో పాటు నర్సు ఎందుకు అవ్వాలనుకుంటున్నారో ఒక పేజీ రాయమన్నారు. సీటు దాని మీదే ఆధారపడుతుందని ఆసుపత్రిలో తెలిసినవాళ్ళు చెప్పారు. నేను కరీంనగర్ మనిషి గురించే రాశాను. కార్మికుడొకడు కూలిపోయాడని, అతని మంచం పక్కన నిలబడి అతని మాటని నర్సుకి చేరవేశానని, ఆ రోజే నా దారి తెలిసిందని. రాస్తున్నంతసేపూ అది నిజమేననిపించింది. ఒకచోట నాకు కళ్ళు కూడా చెమర్చాయి.

మా ఆవిడ షార్జాలో ఒక టైపింగ్ సెంటర్లో పని చేసేది. ఇంట్లో కంప్యూటర్ మీద ఆ పేజీ ఆమే కొడుతోంది. సగంలో ఆగింది.

"ఈయన ఆ నీళ్ళు చల్లుకొచ్చినాయనే కదూ?"

మిగతాది కూడా కొట్టి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆసుపత్రిలో నేను ఆడిన అబద్ధం ఆమెకి అప్పటికి తెలీదు. ఆ రాత్రి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆయన ఫోన్ నంబరుందా అని మాత్రం అడిగింది.

ఆఫీసు ఫైల్లో నంబరు వెతికి, శుక్రవారం ఫోన్ కార్డు కొని చేశాను. అతను సంతోషంగానే పలకరించాడు, మంచిగున్నరా సార్ అని. తమ్ముడి కిరాణా కొట్లో కూర్చుంటున్నాడట, మెట్లెక్కితే ఆయాసమట. నర్సు చదువుకి దరఖాస్తు పెడుతున్నానని, ఆ రోజు బస్సెక్కించిన సంగతి, ఆసుపత్రిలో నేను మార్చి చెప్పిన మాట అందులో రాద్దామనుకుంటున్నానని, అతను వద్దంటే రాయనని చెప్పాను.

"నీళ్ళు సల్లుకున్న అన్నరు గద సార్, అందరి ముంగట. నేను సల్లుకోలే. అది గూడ రాయుండ్రి."

మార్చి చెప్పిన మాట గురించి అతను ఒక్క ముక్క అనలేదు. ఊళ్ళో కూడా దుబాయ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఆ నీళ్ళ మాట అని నవ్వుతారట.

పేజీ మళ్ళీ రాశాను. నేను చెయ్యి పెట్టిందీ, అందర్నీ నవ్వించిందీ, మాట మార్చి చెప్పిందీ అన్నీ పెట్టాను. అతను నీళ్ళు చల్లుకోలేదు, అది చెమట అని కూడా రాశాను. ఈసారి కళ్ళేమీ చెమర్చలేదు. అదే పంపాం.

చలికాలం వెళ్ళిపోతుండగా జవాబొచ్చింది. సీటు ఇవ్వలేకపోతున్నామని రెండు వాక్యాలు. కారణం చెప్పలేదు. మార్కులు చాలలేదేమో, వయసేమో. కానీ నాకు వెంటనే వచ్చిన ఆలోచన ఇంకోటి. మొదటి పేజీ పంపి ఉంటే సీటొచ్చేది. నిజం రాయమన్న కరీంనగర్ మనిషి మీద, రాయించిన మా ఆవిడ మీద కోపమొచ్చింది. ఒప్పుకున్నాక మనసు తేలికపడుతుందంటారు. నాకైతే బేరంలో మోసపోయినట్టుంది.

"వచ్చే ఏడు మళ్ళీ పెట్టొచ్చట కదా. ఆ పాతది ఇంకా కంప్యూటర్లో ఉంది. తీసెయ్యనా?" అని అడిగింది మా ఆవిడ.

ఉండనీ అన్నాను. ఆమె ఒక క్షణం నన్ను చూసి, కంప్యూటర్ కట్టేసింది.

మర్నాడు పొద్దున బస్సుల దగ్గర వరసలో ఒక్కడే ఉన్నాడు, కొత్తగా వచ్చిన బీహారీ. నేను నుదుళ్ళు ముట్టుకోవడం మానేసి, అడిగి వ్యాను ఎక్కించడం మొదలుపెట్టి అప్పటికి చాలా కాలమే అయింది. ముదీర్ సణుగుతూనే ఉన్నాడు. అయినా నిద్రలేమి వల్లో, ముందురోజు కోపం వల్లో, అతను తల వంచగానే నా చెయ్యి లేచింది. అతని నుదురు తడిగా కనిపిస్తోంది. నేను ముట్టుకోకముందే అతను గబగబా అన్నాడు.

"పానీ నహీ హై, సాబ్. పసీనా హై."

చెమట అంటున్నాడు, నీళ్ళు కాదంటున్నాడు. ఆ సంగతి జరిగేనాటికి ఈ దేశానికే రాని మనిషి. నేను అన్న ఆ మాట క్యాంపులో ఇంకా తిరుగుతోందన్నమాట.

చెయ్యి దించి, ఎక్కడ నొప్పి అని అడిగాను. కడుపన్నాడు. ఎప్పట్నుంచి అన్నాను. చెప్పాడు. వ్యాన్లో అతని పక్కన కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ ఇంకా నిద్రమత్తులోనే ఉంది. పాతది తీసెయ్యమన్నాను.

"మరి వచ్చే ఏటికి?" అంది.

మొన్న పంపినదే మళ్ళీ పంపుదామన్నాను. సరేనంది. పక్కనున్నతను నా ముఖం చూస్తూ కూర్చున్నాడు, తన గురించే మాట్లాడుతున్నాననుకుని.