నా నాలుకను వెతుక్కుంటూ గిద్దలూరు దాకా

ఎవరైనా గిద్దలూరు ఎందుకు పోతారు? నల్లమల చూడటానికో, నంద్యాల పోయే దారిలోనో. నేను నా నాలుక కోసం పోయాను. నవ్వకండి. రాష్ట్రం విడిపోయిన ఏడాదే నాకు విషజ్వరం వచ్చింది. అది పోతూ పోతూ నోటి రుచిని వెంట తీసుకుపోయింది. కారం మంట ఒక్కటే తెలిసేది. ఉప్పు, పులుపు, తీపి ఏవీ లేవు. "అదే వస్తుందమ్మా, ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు. ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేదు. ఒంగోలులో మాకో చిన్న కర్రీ పాయింట్ ఉంది. వండేది నేను, అమ్మేది మా ఆయన. రుచి తెలియకుండా వండిన సాంబారు ఒకరోజు ఉప్పు కషాయమైంది, మర్నాడు చప్పిడి నీళ్ళైంది. గిరాకీ అంతా పక్క వీధికి మళ్ళింది. "నెలాఖరు దాకా చూద్దాం. నీకు తగ్గకపోతే షాపు ఖాళీ చేసేద్దాం" అన్నాడు మా ఆయన మెల్లగా. ఖాళీ చెయ్యడమా? ఇన్నేళ్ళు గరిటె తిప్పిన చెయ్యి ఇది! గిద్దలూరు దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని ఫోనులో, "ఇంట్లో ఏడుస్తా కూచుంటే ఏమొస్తాదే? నాలుగు దినాలు వచ్చి పో" అంది. ఆ రాత్రే బ్యాగు సర్దాను.

ఒంగోలులో పొద్దున ఆరింటికి మార్కాపురం బస్సు ఎక్కితే పొదిలి మీదుగా మూడు గంటలు పడుతుంది. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోకండి, ఎండ మొహం మీదే ఉంటుంది. బస్సంతా రాజధాని గొడవే. ఒకాయన గుంటూరు పక్కన అంటాడు, ఇంకొకాయన దొనకొండ అంటాడు. నా వెనక సీటు పెద్దాయన విసుక్కున్నాడు. "యాడొస్తే మనకేంది సామీ? ముందర మా ఊరికి తాగే నీళ్ళు రానీ." మార్కాపురంలో దిగి ఇడ్లీ తిన్నాను. వేడివేడిగా, పొగలు కక్కుతూ ఉంది, పక్క బల్ల మీద వాళ్ళు చట్నీ మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకుంటున్నారు. నాకేమో తడి దూది నమిలినట్టుంది. వాళ్ళ మీద ఎంత కుళ్ళుకున్నానో ఆ ఇడ్లీకే తెలుసు.

రైల్వే స్టేషను ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది, షేర్ ఆటోలు దొరుకుతాయి. గిద్దలూరుకు పాసింజరులో పోవడమే మేలు. టికెట్టు రెండు టీల ఖర్చు, కాకపోతే ఎప్పుడొస్తుందో దాని ఇష్టం. ఆ రోజు గంటకు పైగా కూర్చోబెట్టింది. తర్లుపాడు, కంభం దాటాక కొండలు దగ్గరికొస్తాయి, గాలి మారుతుంది. జామకాయలమ్మే ఆమె ఒక ముక్క కోసి ఉప్పూకారం అద్ది చేతిలో పెట్టింది. "తిని చూసి కొను తల్లీ" అంది. తిన్నాను. మంట తప్ప ఏమీ లేదు. అయినా రెండు కాయలు కొన్నాను. ఆమె మొహం చూసి ఏం లేదని ఎట్లా చెప్పను?

గిద్దలూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పిన్ని వాళ్ళ పల్లెకు అరగంట ఆటో. దారిలో దాహమేస్తే ఆపించి, రోడ్డు పక్క బోరింగు కొట్టుకుని దోసిలి పట్టి తాగాను. ఆటో అతను పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, తాగబాకు! ఉప్పునీళ్ళు గదా అవి! నీకు తెలీలా?"

"తెలీలేదు నాయనా."

అతను నన్ను ఎగాదిగా చూసి తన క్యాను ఇచ్చాడు. "మంచినీళ్ళు ఇవి, ప్లాంటువి. తాగేదానికి మాత్రమే కొంటాం. వంటకు మాకు బోరు నీళ్ళే. మా ఆడోళ్ళు కూరలో ఉప్పు సగమే వేస్తారు, మిగతా సగం బోరే వేస్తాది" అని నవ్వాడు. ఆ క్యాను నీళ్ళూ తాగాను. రెండూ నాకొకటే. అప్పుడు మాత్రం నిజంగా భయమేసింది. ఇక షాపు పోయినట్టే అనుకున్నాను.

పిన్ని వాకిట్లోనే నన్ను పట్టుకుంది. "ఏందే, ఇట్ల చిక్కిపోయినావు!" అని వీపు నిమిరింది. చిన్నాయన గొర్రెలను చెట్ల నీడకు తోలి అప్పుడే వచ్చాడు. నేనూ చిన్నాయనా కూర్చున్నాం, పిన్ని వడ్డించింది. జొన్నరొట్టె, గోంగూర పప్పు, ఉల్లిగడ్డ, పలచటి మజ్జిగ. మొదటి ముద్ద మట్టి. రెండోదీ అంతే. చిన్నాయన తల వంచుకుని గబగబా మింగుతున్నాడు. నాలుగో ముద్దకో ఐదో ముద్దకో నాలుక అంచున ఏదో చురుక్కుమంది. దవడలు బిగిశాయి. నోట్లో నీళ్ళూరాయి. అమ్మో, పులుపు! గోంగూర పులుపు! కదిలితే పోతుందేమోనని కళ్ళు మూసుకున్నాను. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. పులుపు వచ్చింది. దాని వెనకే రావాల్సింది రాలేదు.

"పిన్నీ! పప్పులో ఉప్పు లేదు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

పిన్ని బిత్తరపోయి ఒక ముద్ద నోట్లో వేసుకుంది. మరుక్షణం నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ! నువ్వొస్తాండావని పప్పు మెత్తగా ఉడకాలని క్యాను నీళ్ళతో వండినా. చెయ్యి బోరు లెక్కనే ఉప్పేసింది!"

"నేను మొదటి ముద్దకే చూసినా. బిడ్డ ముందర ఎట్ల చెప్పేదని మింగతా ఉండా" అన్నాడు చిన్నాయన.

అప్పుడు వెలిగింది పిన్నికి. నా రెండు చెంపలూ పట్టుకుని, "ఏందే? ఉప్పు లేదని నీకు తెలిసిందా?" అంది. తల ఊపాను. నేను లేచి తొట్టిలో బోరు నీళ్ళు ముంచుకుని తాగాను. ఛీ, ఎంత ఉప్పో! ఇంకో చెంబు తాగాను. మజ్జిగ తాగి పుల్లగా ఉందన్నాను, ఉల్లిగడ్డ కొరికి తియ్యగా ఉందన్నాను. జామకాయ తీసి తిన్నాను. దోరగా, వగరుగా, ఎంత బాగుందో! రైల్లో ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను. పిన్ని ఉప్పు డబ్బా తెచ్చి నా ముందర పెట్టి, ఏడుస్తూ నవ్వుతూ కూర్చుంది. మా ఆయనకు ఫోను చేసి, "షాపు ఖాళీ చేసే మాట ఇంకోసారి ఎత్తావో, చూడు! సోమవారం పొయ్యి వెలిగిస్తున్నా" అన్నాను. అటునుంచి ఆయన, "గోంగూర తెస్తావా?" అన్నాడు.

ఏ కొండా ఎక్కలేదు, ఏ గుడీ చూడలేదు, కానీ నా జన్మలో ఇంత గొప్పగా గెలిచొచ్చిన ప్రయాణం లేదు. రోజూ మూడు పూటలా నోట్లోకి పోయే ఉప్పుకు ఎవరైనా సంతోషిస్తారా? నేను సంతోషిస్తాను. పొద్దున మొదటి గుక్క కాఫీకి కూడా. మీరు ఆ వైపు పోతే ఒక్కటే సలహా: తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, కానీ ఎవరింట్లోనైనా బోరు నీళ్ళు ఒక్క గుక్క తాగి చూడండి. ఉప్పగా ఉందని మొహం చిట్లించారా, మీ అదృష్టం బాగున్నట్టే. ఇంతకు ముందు మా షాపులో ఎవరైనా కూరలో ఉప్పు తక్కువైందంటే వాళ్ళతో తగువేసుకునేదాన్ని. ఇప్పుడు చిటికెడు ఉప్పు పొట్లం కట్టిచ్చి, "మీ నోరు చల్లగా ఉండాలి" అంటున్నాను.