గుత్తి వంకాయలో జింకు

మా ఆయన రిటైరైన మెటలర్జీ ఇంజనీరు. పోయినేడు స్ట్రోక్ వచ్చి తగ్గాక చెయ్యీ కాలూ బాగానే ఆడుతున్నాయి గానీ, మాట మధ్యలో పదం దొరక్క ఆగిపోతారు. ఆ సిగ్గుకి, ఇంటికెవరొచ్చినా బేస్‌మెంట్‌లోకి దిగిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది, వెనకే ఏడుపూ వచ్చేది.

అలాంటి మనిషి, మేముండే అరోరా ఊళ్ళో మా గుడి సండే క్లాస్ పిల్లలకి పూర్వం మనవాళ్ళు జింకు ఎలా తీశారో చెప్తానని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నప్పట్నుంచీ నిద్ర లేదు. మధ్యలో ఆగిపోతే ఇంక నలుగురిలో నోరు విప్పనన్నారు. అన్నంత పనీ చేసే రకం.

ఆదివారం పొద్దున ఫ్రిజ్‌లో నవనవలాడే గుండ్రటి వంకాయలు కనిపించాయి. గుళ్ళో పాట్‌లక్, తలా ఒక వంటా తేవాలి కదా, నాకోసమే తెచ్చారని మురిసిపోయి, తొడిమలుంచి గుత్తులుగా కోసి, కారం కూరి వండేశాను. ఆయన వచ్చి మూకుడు చూసి కుర్చీలో కూలబడ్డారు. అవి పాఠానికట! రాజస్థాన్ గనుల దగ్గర జింకు ఖనిజం నింపి కాల్చిన మట్టి మూసలు అచ్చం వంకాయల్లా ఉండేవట. ఒక్క ముక్క ముందే చెప్పొచ్చుగా అని నేనే ఎగిరాను. చేసేదేముంది, కూర గిన్నెతోనే బయల్దేరాం.

మొదలు బాగానే పెట్టారు. తుత్తునాగమన్నా జింకన్నా ఒకటేనన్నారు. చాలా దేశాలవాళ్ళు దీని ఖనిజాన్ని రాగిలో కలిపి ఇత్తడి చేశారు గానీ ఈ లోహాన్ని విడిగా పట్టలేకపోయారట. కొలిమి వేడికి ఆవిరై, గాలి తగలగానే తెల్లటి బూడిదైపోయేదట. "అందుకని మనవాళ్ళు మూసని..." అని ఆగిపోయారు. పదం రాలేదు. ఆయన చూపు తలుపు వైపు పోయింది.

గబగబా వెళ్ళి గిన్నె, ఒక పళ్ళెం ఆయన ముందు పెట్టాను. ఒక వంకాయ తీసి, తొడిమ కిందికొచ్చేలా తలకిందులుగా పట్టుకున్నారు. నూనె జారి తొడిమ మీంచి పళ్ళెంలోకి చుక్కచుక్కగా పడింది.

"బోర్లించాలి," అన్నారు. "పైన మంట, కింద చల్లటి కుండ. ఆవిరి ఈ తొడిమలాంటి గొట్టంలోంచి కిందికి దిగి, చల్లబడి, ఇదిగో, ఇలా పడుతుంది."

పిల్లలు ముందుకి జరిగారు. ఆ జింకు తినొచ్చా అంకుల్ అని ఒకమ్మాయి అడిగితే, ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

తర్వాత కూడా పదం దొరక్క ఆగారు. ఈసారి తలుపు వైపు చూడలేదు, నా వైపు చూశారు. నాకూ తెలియకపోతే ఇద్దరం వెతుక్కున్నాం. పిల్లలు కూర తింటూ కూర్చున్నారు.